నూరంతస్తుల మేడ: 'సిమ్ టవర్' క్రీడావిమర్శ

తెలుగున 'అంతస్తు' అను మాటకు రెండర్థములు గలవు. మేడయందలి ఒక్కొక్క వరుస అంతస్తు. మనుష్యునకు లోకమునందు గల హోదాయు అంతస్తే. 1965లో వెలువడిన 'అంతస్తులు' అను తెలుగు చలనచిత్రమునకు పేరు పెట్టినవారు ఈ రెండవ యర్థమునే ఉద్దేశించిరి. అయినను వినువారి మనస్సునకు మెట్లును మేడలును తోపకమానవు. ఎత్తునకును గౌరవమునకును గల ఈ చుట్టరికమును మన భాష ఏనాడో గుర్తించినది. ఎత్తైన మేడను కట్టి నడపుటయే ఇతివృత్తముగా గల ఒక కంప్యూటరు ఆటను పరిశీలింపబూనిన నాకు మొదట స్ఫురించినది ఈ మాటయే. ఆ యాట ఈ రెండర్థములను విడదీసి, వాని నడుమ మూడవదానిని నిలిపినదని నా యభిప్రాయము. ఆ మూడవది యేదియో క్రమముగా మనవి చేసెదను.

ఆట పేరు 'సిమ్ టవర్'. దీనిని కల్పించినవాడు జపానుదేశీయుడగు యూట్ సైటో. జపానున దీని పేరు 'ది టవర్' మాత్రమే. 1994లో అమెరికాలోని మాక్సిస్ సంస్థ దీనిని ఇంగ్లీషున ప్రకటించుచు, 1989లో తాము వెలువరించిన 'సిమ్ సిటీ' అను నగరనిర్మాణ క్రీడకు ఇది చెల్లెలని తోచునట్లు పేరు మార్చినది. ఈ బంధుత్వము పైపైదే. 'సిమ్ సిటీ'ని కల్పించిన విల్ రైట్ నగరమును ఆకాశమునుండి చూచెను. సైటో మేడను ప్రక్కనుండి చూచెను. ఆకాశమునుండి చూచువానికి వీధులు కనబడును గాని మనుష్యులు కనబడరు. ప్రక్కనుండి చూచువానికి మనుష్యులను తప్పించుకొను దారి లేదు.

పరిశోధన వ్యాసముల నడుమ ఒక కంప్యూటరు ఆటకు చోటు తగునా యని పెద్దలు శంకింపవచ్చును. ఆటను తత్త్వబోధగా చదువుకొనుట మనకు క్రొత్త గాదు. వైకుంఠపాళి అట్టిదే గదా! జాగరణపు రాత్రులలో మన యిండ్లయందు పరచు ఆ పటమున నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు, పైవరుస వైకుంఠము. గవ్వలు వేసినవాడు తన కాయతోపాటు తానును పైకి ప్రాకినట్లు సంతసించును; పెద్దపాము నోట బడినచో మొదటికి వచ్చును. 'సిమ్ టవర్' సైతము క్రిందినుండి పైకి పోవు ఆటయే. దాని తుదియందును దేవుని మందిరమే కలదు. కాని ఒక భేదము గమనింపదగినది. వైకుంఠపాళియందు ఆడువాడు నిచ్చెన నెక్కును. ఇచ్చట ఆడువాడు నిచ్చెన వేయును, ఎక్కువారు వేరు. తనకు నిచ్చెన దొరకుట అదృష్టము. ఇతరులకు నిచ్చెనను సరిగా వేయుట బాధ్యత. ఈ యాటను తీరికగా పరిశీలింపవలెనని నాకు తోచుటకు ఈ భేదమే కారణము.

నాకు దీని పరిచయము కలిగినది జిగణిలో. బెంగళూరునకు దక్షిణమున, ఆనేకల్ తాలూకాయందు, బన్నేరుఘట్ట అడవికి దాపున నున్న ఊరిది. ఈ తాలూకా పల్లెలలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. హోసూరు సరిహద్దు మిక్కిలి దగ్గర. చెరువును రాగిచేలును గల పల్లె పారిశ్రామికవాడ యైన పిదప, ఆంధ్ర తెలంగాణముల నుండి వచ్చి చేరిన తెలుగువారు మఱొక పొర. రోడ్డు కిరుప్రక్కల గ్రానైటు పలకల దుకాణములు. ప్రకాశము జిల్లా చీమకుర్తినుండి వచ్చు, నలుపుమీద బంగారుచుక్కలు మెరయు రాయి యిచ్చట పలకలై నిలువబడి కొనువారికొరకు ఎదురుచూచుచుండును. ఆ పలకలు తుదకు చేరుచోటు తరచుగా ఏ యెత్తైన మేడలోని లిఫ్టు ముందరి గోడయో అయియుండును. ఊరి చుట్టును అట్టి మేడలు లేచుచున్నవి.

మేముండునది 12 అంతస్తుల మేడ. మా యిల్లు 9వ అంతస్తున. నిరుడు రెండు లిఫ్టులలో ఒకటి చెడి పదునొకండు దినములు కదలలేదు. ఆ దినములలో మా యిరుగుపొరుగువారి స్వభావములు నాకు పదేండ్ల కాపురమున తెలిసినదానికంటె నెక్కువగా తెలిసినవి. ఎదురింటి పెద్దమ్మగారు గుడికి పోవుట మానిరి. మూడవ అంతస్తువారు నడచి పోరేమని పదవ అంతస్తువారు గొణిగిరి. పదునొకండవ యంతస్తున నుండు ఒక సాధుపురుషుడు పాలవానిపై కేకలు వేయగా వింటిని. ఆ వారమే మా మనుమడు తన కంప్యూటరున పాత ఆట నొకదానిని తెరచి, "తాతయ్యా, ఇది చూడు. ఈ ఆటంతా లిఫ్టు గొడవే!" అని చూపెను. బాలుని మాటలో విమర్శసూత్ర మున్నదని అప్పుడు నాకు తెలియలేదు.

ఆట నియమములను క్లుప్తముగా చెప్పెదను. ఆడువానికి మొదట 20 లక్షల డాలర్ల మూలధన మీయబడును. ఖాళీ నేలపై లాబీని పరచి, దానిపై ఆఫీసులు, నివాసగృహములు, హోటలు గదులు, భోజనశాలలు, దుకాణములు, సినిమాశాలలు కట్టుకొనుచు పోవలెను. నేలపైకి 100 అంతస్తులు, నేల క్రిందికి 10. ఆఫీసులవారు మూడు మాసముల కొకమారు అద్దె చెల్లింతురు. గృహములు ఒక్కసారిగా అమ్ముడుపోవును; కాని కొన్నవాడు విసిగి వెడలిపోయినచో సొమ్ము తిరిగి యీయవలెను. ఆట కాలమానము విచిత్రమైనది: రెండు పనిదినములును ఒక సెలవుదినమును గడచినచో మూడు మాసములు గడచినట్లే లెక్క. జనసంఖ్య 300 అయినచో రెండవ నక్షత్రము, 1,000కి మూడవది, 5,000కి నాలుగవది, 10,000కి ఐదవది లభించును. జనముతోపాటు కాపలా కచేరియు, వైద్యశాలయు, భూగర్భమున మెట్రో స్టేషనును సమకూర్పవలసి యుండును. 15,000 మంది చేరి, నూరవ యంతస్తున క్రైస్తవ దేవాలయము నిర్మింపబడినచో మేడకు 'టవర్' అను బిరుదు దక్కును.

ఇంతవరకు చదివినవారికి ఇది షావుకారు పద్దుపుస్తకమువలె తోచును. నాకును మొదటి రెండు గంటలు అట్లే తోచినది.

ఆఫీసులు నిండినది మొదలు కథ మారును. ఉదయము ఎల్లరును ఒకేమారు పైకి పోవలెను. మధ్యాహ్నము అన్నమునకై దిగవలెను. సాయంకాలము ఇండ్లకు పోవలెను. మెట్లపై నాలుగు అంతస్తులకంటె నెవరును ఎక్కరు. సామాన్యపు లిఫ్టు 30 అంతస్తులకు మించి పోదు. త్వరగా పోవు పెద్దలిఫ్టు గలదు గాని అది 15 అంతస్తుల కొకటిగా వచ్చు లాబీలయందే నిలుచును; అచ్చట దిగి వేరొక లిఫ్టు నెక్కవలెను. మేడ మొత్తమునకు లిఫ్టు బావులు 24కు మించరాదు. ఒక్కొక్క బావిలో 8 పెట్టెలకు మించరాదు. ఏ పెట్టె ఏ వేళ ఏ యంతస్తున వేచియుండవలెనో, ఏ యంతస్తున ఆగకుండ పోవలెనో ఆడువాడే నిర్ణయింపవచ్చును. పగలు రెండుజాములవేళ ఆటలోని గడియారము మందగించును. ఒక్క గంట భోజనవేళ ఎంతయో సేపు సాగును. ఇతివృత్తమున ఏది ముఖ్యమో దానికి ఎక్కువ కాలమును, ముఖ్యము గానిదానికి తక్కువ కాలమును ఇచ్చుట కథకుల నేర్పు. అర్ధరాత్రిని రెప్పపాటున దాటించి, లిఫ్టు ముందరి గుంపును దీర్ఘముగా చూపిన ఈ శిల్పికి తన కథ యేదియో చక్కగా తెలియును.

నిజమునకు సైటో మొదట సంకల్పించినది మేడను గాదు, లిఫ్టును. లిఫ్టులు ఏ క్రమమున నడచునో అనుకరించు కార్యక్రమముగా ఆరంభమైనదే తరువాత మేడగా పెరిగినది. ఆ క్రమమును తెలుపుమని అతడొక లిఫ్టుల కంపెనీ నడుగగా వారు చెప్ప నిరాకరించిరట. అందుచేత అతడు తానే ఊహించి కల్పించుకొనవలసివచ్చెను. కంప్యూటరు శాస్త్రమున లిఫ్టునకు గౌరవస్థానమే కలదు. డొనాల్డ్ నూత్ పండితుడు 1968లో ప్రకటించిన మహాగ్రంథపు మొదటి సంపుటమున, తాను పనిచేసిన విద్యాలయపు గణితశాఖా భవనములోని లిఫ్టు నడకను ఉదాహరణముగా గైకొని వివరించెను. ఒక దిక్కున పోవుచు దారిలోని వారినెల్ల ఎక్కించుకొని, తుదిని చేరి మరలివచ్చు పద్ధతికి, అది యంత్రపు స్మృతిఫలకమును చదువు సందర్భమున సైతము, లిఫ్టు పద్ధతియనియే పేరు.

లిఫ్టు పుట్టుకను కొంచెము స్మరింపక తప్పదు. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలయందు ఎలైషా ఓటిస్ అనునతడు ఎత్తున వ్రేలాడు పలకపై తాను నిలిచి, దానిని మోయు త్రాటిని నరికించెను. పలక జారక నిలిచినది. 1857లో ఆ నగరమునందే ఒక దుకాణపు భవనమున మనుష్యుల నెక్కించు లిఫ్టు అమర్పబడెను. అంతకు పూర్వము పట్టణములలోని మేడలయందు పై యంతస్తులు పేదవారివి. పారిసులో అటక క్రింది గదులలో నివసించినవారు పనికత్తెలును, చిల్లిగవ్వలేని విద్యార్థులును. మెట్లెక్కుట కష్టము గనుక ఎత్తు అగౌరవము. లిఫ్టు వచ్చినపిదప ఆ వరుస తలక్రిందులైనది. గాలియు వెలుతురును దూరపుచూపును గల పై యంతస్తు ధనికునిదైనది. మన 'అంతస్తు' అను మాటయందలి రెండర్థములను మేడలోపల నిజముగా కలిపి ముడివేసినది ఒక ఇనుపత్రాడు!

ఇక నా ముఖ్యవాదము. 'సిమ్ టవర్' ఈ ముడిని విప్పినది. ఈ యాటయందు 90వ యంతస్తున నున్న ఆఫీసునకును 3వ యంతస్తున నున్న ఆఫీసునకును అద్దె ఎత్తునుబట్టి మారదు. ఉన్న నాలుగు ధరలలో ఆడువాడు నిర్ణయించినది యేదో అదే. ఎత్తుననున్నామని సంతోషించువారు లేరు, క్రిందనున్నామని చిన్నబుచ్చుకొనువారు లేరు. వారి సుఖదుఃఖములను నిర్ణయించునవి మూడే: అద్దె, ప్రక్కవారి రొద, లిఫ్టు కొరకు వేచిన సేపు. ఇందు మొదటి రెంటిని చక్కదిద్దుట సులభము. మూడవది తుదివరకును వేధించును. కావున ఈ మేడలో 'అంతస్తు' అనగా నేలనుండి దూరము గాదు, హోదాయు గాదు, ఎదురుచూపు. ఎవడు తక్కువ సేపు వేచియుండునో వాడే ఈ లోకమున పై యంతస్తువాడు. జిగణి చుట్టుప్రక్కల మేడలు కట్టి యమ్మువారు అంతస్తు పెరిగినకొలది చదరపుటడుగునకు ఇంతయని అధికముగా గొందురు. ఆ ధరల పట్టికలో వేచియుండు సేపునకు గడి లేదు. మా మేడలో పదునొకండు దినములు జరిగినది చూచినవాడను గనుక, ఆ పట్టికకంటె సైటో లెక్కయే సత్యమునకు దగ్గరయని నేనందును.

ఇక పాత్రల సంగతి. మేడ నిలువుగా కోసినట్లు, ముందుగోడ తీసిన బొమ్మరిల్లువలె కనబడును. లోపల తిరుగు మనుష్యులు నల్లని నీడలు. మన తోలుబొమ్మలాటను చూచినవారికి ఈ దృశ్యము పరిచితముగా తోచును. కాని మన బొమ్మలకు రంగులుండును, నగలుండును, ఎవరు రాముడో ఎవరు రావణుడో చూడగనే తెలియును. ఇచ్చటివారికి ముఖములు లేవు, మాటలు లేవు. లిఫ్టు ఆలస్యమైనచో మాత్రము నల్లని నీడ గులాబిరంగునకు మారును. ఇంకను ఆలస్యమైనచో ఎఱ్ఱనగును. ఎఱ్ఱనైన నీడ పలుమారు కనబడినచో ఆ కుటుంబము మేడను విడిచి పోవుటకు సిద్ధపడినదని అర్థము. లాక్షణికులు సాత్త్వికభావములను ఎనిమిదింటిని పేర్కొనిరి, అందు వైవర్ణ్యమొకటి. స్తంభము, స్వేదము, రోమాంచము మున్నగు తక్కిన యేడింటిని వదలి, ఆ యొక్క వైవర్ణ్యముతోడనే పదిహేనువేల పాత్రల అంతరంగమును నడిపించుట సాహసమే. రసజ్ఞులు నన్ను క్షమింతురేని, లాబీయందు పెట్టెకొరకు నిలిచి గులాబివన్నె దాల్చిన గుమాస్తాను మన అష్టవిధ నాయికలలో విరహోత్కంఠిత సరసన నిలుపవచ్చుననియు చెప్పెదను.

పరిహాసము నటుంచి, ఈ నీడలలో రసము పుట్టు చోటొకటి నిజముగానే కలదు. భూతద్దపు గుర్తుతో ఏ నీడనైనను నొక్కి, దానికి పేరు పెట్టవచ్చును. పేరు పెట్టినది మొదలు అతడు మేడలో ఎక్కడనున్నను వెదకి చూడవచ్చును. మా మనుమడు 42వ యంతస్తున పనిచేయు ఒక నీడకు రంగయ్యయని పేరు పెట్టెను. అంతకు ముందు క్షణమువరకు వాడు 3,000 మందిలో ఒకడు. ఆ తరువాత మేమిద్దరమును రంగయ్య 30వ యంతస్తు లాబీలో లిఫ్టు మారునప్పుడు ఊపిరి బిగపట్టి చూచితిమి. పెట్టె నిండిపోయి రంగయ్యను విడిచి పోయినప్పుడు బాలుడు "అయ్యో!" అనెను. ప్రక్కననున్న ఏడుగురు గులాబివన్నె నీడలను గూర్చి వాడేమియు అనలేదు. సంఖ్యకు పేరు పెట్టగనే కథానాయకుడు పుట్టును. మహాకవులు ఎరిగిన ఈ రహస్యము ఆటలోని ఒక మూల గుర్తులో దాగియున్నది. దురదృష్టవశమున పేరు పెట్టుటవలన ఆటకు నక్షత్రములు రావు, ధనము రాదు. అందుచేత చాలమంది ఆ గుర్తును నొక్కకయే ఆట ముగింతురు. ఇది ఆట లోపమా, ఆడువారి లోపమా యన్నచో, నేను ఆటవైపే వ్రేలు చూపుదును. తనలోని ఉత్తమాంశమునకు తానే విలువ కట్టుకొనలేకపోయినది.

నూరవ యంతస్తుననున్న దేవాలయమును గూర్చి చెప్పవలసినదున్నది. మన దేశమున ఎత్తైన కట్టడము అనగానే గోపురము తలపునకు వచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము దాదాపు అయిదు శతాబ్దములు నిలిచి, 2010 మే 26వ తేదీన కూలినది. దానిచోట క్రొత్త గోపురము 2017లో ప్రతిష్ఠింపబడెను. గోపురమునకు నిలువులు పెక్కు గలవు గాని వానిలో కాపురముండువారు లేరు. దేవుడు నేలమీద, లోపల, చిన్న గర్భాలయమున నుండును. దూరమునుండి వచ్చువానికి దారి తెలుపుట గోపురము పని. సైటో మేడయందు ఇది తలక్రిందులు: నివసించువారు నూరంతస్తులవారు, దేవుడు అందరికంటె పైన. నిర్మాణమునకు ప్రయోజనము చెప్పవలసివచ్చినప్పుడు అతనికి వేరేమియు తోచలేదని నేను మొదట తప్పుపట్టితిని. తరువాత ఒకటి గమనించితిని. ఆ దేవాలయమునకు పెండ్లికై వచ్చువారును లిఫ్టులయందే రావలెను. వైకుంఠపాళిలో పైవరుస చేరినవానికి ఆట ముగియును. ఇచ్చట పైవరుస చేరినపిదప సైతము మరునాటి యుదయము ఏడుగంటలకు లాబీలో జనము మరల నిలుచుందురు.

ఇక ఆట చెప్పక విడిచినవి. అగ్నిప్రమాదము కలదు, బాంబు పెట్టితిమని బెదిరించి సొమ్మడుగువారు గలరు, ఊడ్వని హోటలు గదులలో బొద్దింకలు చేరి ప్రక్కగదులకు ప్రాకుట సైతము కలదు. కాని జపానుదేశపు మేడలో భూకంపము లేదు! ఆ దేశమున భూకంపభయము వలననే 1963 వరకు భవనముల యెత్తు 31 మీటర్లకు మించరాదను శాసనముండెను. అది తొలగినపిదప 1968లోగాని టోకియోలో 36 అంతస్తుల కసుమిగసెకి భవనము లేవలేదు. ఎక్కువ యెత్తున లాబీలను పెట్టి లిఫ్టులను మార్పించు పద్ధతియు ఆ కాలపుదే: 1969 నాటి షికాగో జాన్ హాంకాక్ భవనమున 44వ యంతస్తున అట్టి లాబీ కలదు, దాని నిర్మాణశాస్త్రజ్ఞుడు తూర్పు బెంగాలువాడైన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. 1973లో తెరువబడి 2001లో నేలకూలిన న్యూయార్కు ప్రపంచ వాణిజ్యకేంద్రపు జంటమేడలలో 44వ, 78వ యంతస్తులయందు అట్టి లాబీలు ఉండెడివి. ఇంత చరిత్రనుండి లిఫ్టు మార్పిడిని మాత్రము గైకొని, గాలిని, కంపమును, బరువును సైటో విడిచిపుచ్చెను. ఒక్క విషయమునే చెప్పదలచిన కవికి ఆ స్వేచ్ఛ నీయవచ్చును.

నీటిని విడుచుట అంత తేలికగా క్షమింపరానిది. ఆటలోని మేడకు నీరెక్కడనుండి వచ్చునో ఎవరును అడుగరు. 2024 వేసవిలో బెంగళూరున బోరుబావులు ఎండి, నీటిబండ్ల కొరకు మేడలన్నియు గేటువైపు చూచుచుండిన దినములను మరువనివారికి ఈ మౌనము వింతగా తోచును. ఆ వేసవిలో మా మేడవారు లిఫ్టుకొరకు గాదు, బండికొరకు గులాబివన్నె దాల్చిరి.

నీటికంటె పెద్ద మౌనము మఱొకటి కలదు. ఆటయందు గది కట్టుటకు మౌసును ఒకమారు నొక్కిన చాలును. ధనము తగ్గును, గది పుట్టును. కట్టినవాడు ఎవడు? పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలకును మేడలకును తరలిపోవుట తెలుగువారికి తెలిసిన చరిత్ర. మహబూబునగరము, అనంతపురము ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు ఈనాడును బెంగళూరు పొలిమేరలలో రేకుల గుడిసెలలో నుండి, తాము నివసింపని యంతస్తులను కట్టుచున్నవి. జిగణిలో రాతిపలకలను కోయు యంత్రమువద్ద నిలిచినవాని చేతులు నీటితోను రాతిపిండితోను తెల్లబడియుండును. ఆ తెలుపు కాలువలవెంట రోడ్డుమీదికి వచ్చును. 15,000 మందికి నీడలు కల్పించిన శిల్పి వీరిలో ఒక్కనికైనను నీడ కల్పింపలేదు. గదులూడ్చువారికి ప్రత్యేకమగు లిఫ్టు కలదు. అంతవరకు అతని దృష్టి సాగినది. ఆ లిఫ్టున తిరుగు పనివారు మాత్రము ఎంతసేపు వేచియున్నను జనసంఖ్యకు ఎక్కరు, వారివలన నక్షత్రము రాదు. ఎదురుచూపును కొలమానముగా చేసిన ఆట, ఎవరి యెదురుచూపు లెక్కకు వచ్చునో నిర్ణయించునప్పుడు మాత్రము పాత లోకపు అంతస్తులనే అనుసరించినది. నేను దీనిని ఈ కృతియందలి ప్రధానదోషముగా భావింతును. జిగణిలో నుండి ఈ యాటను చూచినవానికి ఆ దోషము మఱింత కొట్టవచ్చినట్లుండును; షికాగోలోనో టోకియోలోనో చూచినవాడు దానిని గమనింపకపోవచ్చును.

తరువాతి రచనలను గూర్చి రెండు మాటలు. 1998లో సైటోయే 'యూట్ టవర్'ను వెలువరించెను. హవాయి, టోకియో, కెగోను జలపాతము అను చోట్లలో మేడలు కట్టవచ్చును. చోట్లు మారినను కథలో లోతు పెరగలేదు. 2016లో సోమాసిమ్ అను షికాగో సంస్థ 'ప్రాజెక్ట్ హైరైజ్' అను క్రీడను కల్పించినది. ఇందు విద్యుత్తు, నీరు, గ్యాసు, టెలిఫోను తీగలను అంతస్తు అంతస్తునకు లాగుకొని పోవలెను. నేను పైన ఎత్తిచూపిన నీటిలోపము ఇందు తీరినది. కాని లిఫ్టు ఇందు ఒక సామాన్యోపకరణమై వెనుకకు తగ్గినది. మేడ సమగ్రమైనది, కథ పలుచబడినది. ఒకే రోగమును నిశితముగా నెరిగిన వైద్యునికిని, అన్ని రోగముల పేర్లును చెప్పగల వైద్యునికిని గల తారతమ్యము ఈ రెండు రచనలయందును కనబడును. నాకు మొదటివాడే యిష్టుడు.

మా మేడ లిఫ్టు బాగుపడినపిదప మనుమనికి ఆటమీద మునుపటి యావ తగ్గినది. కాని వాడు ఒకనాడు ఆటను తెరచి, చాలసేపు లిఫ్టుల పట్టికతో కుస్తీపట్టి, 30వ యంతస్తునుండి పైకి పోవు పెట్టెలలో ఒకదానిని ఉదయమువేళ ఆ లాబీలోనే వేచియుండునట్లు అమర్చెను. దానివలన తక్కినచోట్ల జనము కొంత ఎఱ్ఱబడినది. ఒక ఆఫీసు ఖాళీ యైనది. ఎందుకట్లు చేసితివని అడిగితిని.

"రంగయ్య వస్తాడుగా" అనెను.